గోడ కుట్టిందమ్మా: బల్లార్షా ఇంటి ఓనర్లకు ఒక కిరాయిదారు బహిరంగ లేఖ

పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం.

మహారాష్ట్రలోని బల్లార్షాలోనో, పక్కనున్న చంద్రపూర్, రాజురాలలోనో సొంత ఇల్లుండి, దాన్ని కిరాయికిచ్చి, పిల్లల దగ్గర హైదరాబాద్‌లోనో పుణెలోనో ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం ఈ లేఖ రాస్తున్నాను. ఊళ్లోనే ఉంటూ పై పోర్షనో వెనక పోర్షనో కిరాయికిచ్చినవాళ్లూ చదవండి.

నేను ఈ ఊళ్లో పుట్టినదాన్నే. మా తాత మంచిర్యాల దగ్గరి పల్లె నుంచి బొగ్గు బావిలో పనికోసం వచ్చాడు. 1929లో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు లైను పూర్తయ్యాక ఆ దారిన వచ్చి ఇక్కడ నిలిచిపోయిన కుటుంబాలు ఎన్నో, మాదీ అందులో ఒకటి. మా బాపు కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. నాకు పెళ్లయి పదకొండేళ్లు. నా భర్త డ్రైవరు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఈ పదకొండేళ్లలో నాలుగు ఇళ్లు మారాం, నాలుగూ మన తెలుగువాళ్లవే. అందుకే ఈ మాటలు మీతో చెప్పుకుంటున్నాను.

పోయిన ఏడు జూలైలో జరిగింది ముందు చెబుతాను. మూడు రోజులుగా ముసురు. పొద్దున్నే మా చిన్నది వంటింటి గోడకు ఒక చెయ్యి ఆనించి పళ్లు తోముకుంటోంది. దానికి అప్పుడు ఆరేళ్లు. ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుని, "అమ్మా, గోడ కుట్టిందమ్మా" అంది. చీమేమో అనుకుని అరచెయ్యి తిప్పి చూశాను. ఏమీ లేదు. గోడ వైపు చూస్తే, పైకప్పు నుంచి దిగిన తడి పెద్ద మచ్చలా స్విచ్ బోర్డును దాటి కిందికి వచ్చి ఉంది. నేను వేళ్ల వెనక భాగం అలా ఆనించాను. మోచేతి దాకా జివ్వుమంది.

మెయిన్ బంద్ చేసి, పిల్లలిద్దరినీ బయట వరండాలో కూర్చోబెట్టి, మా గల్లీలో కరెంటు పని చేసే తమ్ముడిని పిలిపించాను. అతను రబ్బరు చెప్పులేసుకుని, నన్ను దూరంగా నిలబెట్టి, మెయిన్ మళ్లీ వేసి, టెస్టర్‌ను ఆ తడి మచ్చ మీద పెట్టాడు. టెస్టర్‌లో చిన్న దీపం వెలిగింది. పగటి వెలుగులో సరిగా కనిపించదని అరచెయ్యి అడ్డంపెట్టి నాకు చూపించాడు. టెస్టర్‌ను కొంచెం కొంచెం కిందికి జరుపుతూ వెళ్లాడు. తడి అయిపోయినచోట దీపం ఆరిపోయింది. "అక్కా, గుర్తు పెట్టడానికి ఏమన్నా ఇయ్యి" అన్నాడు. నా మిషన్ దగ్గరున్న మార్కింగ్ చాక్ ఇచ్చాను. దీపం ఎక్కడిదాకా వెలిగిందో అక్కడిదాకా గోడ మీద గీత గీశాడు. అతను వెళ్లాక చిన్నదాన్ని తీసుకొచ్చి ఆ గీతకు దూరంగా నిలబెట్టి చూశాను. ఆ గీత దాని భుజం ఎత్తున ఉంది.

ఎర్తింగ్ తీగ మీటరు కింద తెగి వేలాడుతోంది. ఎన్నేళ్లనుంచి అట్లా ఉందో ఎవరికీ తెలియదు. నేను అడిగాను, మరి ఇంత జరుగుతుంటే, దానంతటదే పడి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ ఎందుకు పడలేదు అని. ఎంసీబీ లోడు ఎక్కువైతేనో షార్ట్ అయితేనో పడుతుందట. తడి గోడలోంచి, మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోయే కొద్దిపాటి కరెంటు దాని లెక్కలోకి రాదు. దానికి ఆర్‌సీసీబీ అని వేరే ఉంటుంది. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేవా అని అది చూస్తుంది, ముప్పై మిల్లీఆంపియర్ల తేడా వస్తే చాలు, రెప్పపాటులో లైను కొట్టేస్తుంది. మా ఇంట్లో అది లేదు. ఆ రోజే రెండు వేల చిల్లర పెట్టి వేయించుకున్నాను. మిగతా వైరింగ్ జోలికి మాత్రం మేం పోలేదు. అది మా ఇల్లు కాదు, గోడలు పగలగొట్టే హక్కు మాకు లేదు.

ఆ పొద్దున ఓనరుగారికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఆయన పేరు రాయను. మనిషి చెడ్డవాడు కాదు. మా అత్తమ్మ పోయినప్పుడు వచ్చి పలకరించి వెళ్లాడు. కానీ ఆ ఇంటి సంగతి చెబితే మాత్రం ఆయనకు వినబడదు. నేను మొదట చెప్పింది జూలైలో కాదు, ఏప్రిల్‌లో. డాబా మీద మిరపకాయలు ఎండబెడుతుంటే స్లాబు మీద పగుళ్లు కనిపించాయి. రూపాయి బిళ్ల నిలువుగా పట్టేంత ఉన్నాయి. ఇక్కడి ఎండ మీకు నేను చెప్పాలా? మేలో నలభై ఐదు, నలభై ఆరు డిగ్రీలు మామూలే. పగలంతా కాలి సాగి, రాత్రి చల్లబడి ముడుచుకుని, అట్లా ఏళ్లతరబడి సాగీ ముడుచుకునీ స్లాబు చిట్లుతుంది. దానికితోడు ఈ ఊరి నల్లటి బొగ్గు దుమ్ము. డాబా మీద పడ్డ దుమ్ము, వేపాకులు కలిసి వాన నీళ్లు పోయే పైపు నోట్లో గట్టి ముద్దలా తయారవుతాయి. ఇక నీళ్లు కదలవు. అక్కడే నిలిచి, పగుళ్లు వెతుక్కుని కిందికి దిగుతాయి. స్లాబులోని చువ్వలకు ఆ తడి తగిలితే తుప్పు పడతాయి, తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కింది సిమెంటును నెట్టేస్తుంది. పెచ్చులు పెచ్చులుగా ఊడేది అందుకే. ఊడిన చోట పైన సున్నం వేసి, పుట్టీ పెట్టి, రంగు కొడితే ఒక్క ఏడాది కనబడకుండా ఉంటుంది, అంతే.

ఏప్రిల్‌లో ఫోన్‌లో చెబితే, "చూద్దాంలేమ్మా, మిరుగం లోపల చేయిద్దాం" అన్నారు. సంతోషించాను. మిరుగం, అంటే జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె, వచ్చింది, పోయింది. జూన్‌లో మూడు మెసేజ్‌లు పెట్టాను. తడి మచ్చ ఫోటో తీసి పంపాను, నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్న వీడియో పంపాను. చూసినట్టు నీలం గుర్తులు వచ్చాయి, జవాబు రాలేదు. జూలైలో నా భర్తకు జీతం రెండు రోజులు ఆలస్యమై, ఐదున కట్టే కిరాయి ఏడున కట్టాం. ఆరో తేదీ పొద్దున ఏడింటికే ఆయన ఫోన్. కిరాయి సంగతి అయ్యాక నేను గోడ సంగతి ఎత్తాను. "ఇక్కడ సిగ్నల్ సరిగా లేదమ్మా, మళ్లీ చేస్తా" అని పెట్టేశారు. మళ్లీ చేయలేదు. ఆ తర్వాత వారానికే గోడ నా బిడ్డను కుట్టింది.

నేను ఏడ్చింది ఆ రోజు కాదు, ఆ మర్నాడు. ఇక్కడి మన తెలుగు సమాజంలో నలుగురు గౌరవించే పెద్దాయన ఒకరి దగ్గరికి వెళ్లాను. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, అంతా విన్నారు. విని, "సర్దుకుపోవాలె బిడ్డా, మనోళ్లే కదా" అన్నారు.

ఆ మాట గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఈ ఊళ్లో మన కిరాయిల వ్యవహారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. మనోళ్లే కదా అని కాగితం సరిగా రాసుకోం. మనోళ్లే కదా అని డిపాజిట్‌కు రసీదు అడగం. ఇంట్లోకి వచ్చేటప్పుడు ఏ ట్యాప్ పనిచేస్తోంది, ఏ తలుపు గడియ ఊడిపోయింది అని ఇద్దరూ కలిసి చూసుకోం. తర్వాత ఏదన్నా అడిగితే, మనోళ్లయి ఉండి ఇట్లా అడుగుతున్నారేంటి అని మొహం మాడ్చుకుంటారు. బయటివాళ్లకు ఇచ్చినవాళ్లు భయంతోనన్నా పనులు చేయించి పెడుతున్నారు. మనవాళ్లు మాత్రం మనవాళ్లే కదా అని మమ్మల్ని తడిగోడల మధ్య వదిలేస్తున్నారు. ఊరుగాని ఊళ్లో తెలుగు మాట వినబడితే ప్రాణం లేచొచ్చి, రెండొందలు ఎక్కువైనా మీ ఇంట్లోనే దిగుతున్నాం. మనోళ్లు అనే మాటకు నాకు తెలిసిన అర్థం, ఫోన్ చేస్తే ముందు ఎత్తేవాళ్లు అని.

మీ వైపు కష్టాలు నాకు తెలియనివి కావు. మా బాపు తోటివాళ్లే మీలో చాలామంది. ముప్పై ఏళ్లు బావిలో దిగి, పీఎఫ్ డబ్బంతా పెట్టి నాలుగు గోడలు లేపారు. మీలో కొందరికి ఆ కిరాయే పింఛను. మూడు నెలల లైట్ బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను ఎత్తుకుపోయినవాళ్లను చూశారు. ఖాళీ చేయమంటే చేయక, తిప్పలు పెట్టినవాళ్లను చూశారు. మా ఇంటి సంగతే చెబుతాను: డాబా మీద అన్నిటికంటే పెద్ద లీకేజీ ఉన్నది, మాకంటే ముందున్నవాళ్లు డిష్ బిగించడానికి స్లాబుకు కొట్టిన నాలుగు బోల్టుల దగ్గర. డిష్ విప్పుకుపోయారు, బొక్కలు వదిలేసిపోయారు. ఆ తప్పు కిరాయిదారులదే, ఓనరుది కాదు. అది నేను ఆయనకు ఫోన్‌లోనే చెప్పాను. తప్పు ఎవరిదైనా, నీళ్లు మాత్రం మా వంటింట్లోకే వస్తున్నాయి, ఆపగలిగింది ఆయనొక్కరే.

పెద్దాయన ఇంటి నుంచి వచ్చిన రాత్రి నేను ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. అడ్రసు దగ్గరే ఆగిపోయింది. పదకొండు నెలల కిరాయి ఒప్పందం కాగితం తీసి చూస్తే ఆయన పేరుంది, బల్లార్షా ఇంటి నంబరుంది, ఆయన ఉంటున్న ఊరి అడ్రసు లేదు. రెండేళ్లుగా నెలనెలా డబ్బు పంపుతున్న మనిషి ఎక్కడుంటాడో మాకు తెలియదు! మర్నాడు నగర్ పరిషత్ ఘర్‌పట్టీ (ఇంటి పన్ను) రసీదు జిరాక్సు ఒకటి కరెంటు ఫైలులో దొరికింది, దాని మీద ఆయన కొడుకు ఇంటి అడ్రసు ఉంది. కిరాయికి ఉంటున్నవాళ్లు ఎవరన్నా ఇది చదువుతుంటే, ఆ అడ్రసు మీరు ఈరోజే అడిగి రాసిపెట్టుకోండి.

ఉత్తరంలో నేను కోపం ఏమీ రాయలేదు. ఏ తేదీన ఏం చెప్పాను, దానికి ఆయన ఏమన్నారు, ఏ తేదీన ఏం జరిగింది, ఇప్పుడు ఎక్కడ ఏం పాడై ఉంది, ఇవే వరుసగా రాశాను. తడిమచ్చ, చాక్ గీత, తెగిన ఎర్తింగ్ తీగ, పైపు నోట్లో ముద్ద, డాబా పగుళ్ల ఫోటోలు అంటించాను. మేస్త్రీ దగ్గర, కరెంటు తమ్ముడి దగ్గర అంచనాలు రాయించి జతచేశాను. పదిహేను రోజుల్లో పని మొదలుపెట్టించండి, లేదా ఎప్పుడు మొదలవుతుందో రాసి పంపండి అని అడిగాను. రెండు కాపీలు తీసి, ఒకటి పోస్టులో అందిన రుజువు వచ్చేట్టు పంపి, ఇంకోటి బియ్యం డబ్బా మీద ఇనుప పెట్టెలో పెట్టాను. అదే ఫోటో తీసి ఆయన ఫోన్‌కూ పంపాను.

పదిహేను రోజులు అన్నది నేను ఊహించి రాసిన గడువు కాదు. నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక మేడం కోర్టులో పనిచేస్తారు, ఆమె చట్టం తీసి చదివి చెప్పారు. మహారాష్ట్రలో ఇంతకుముందు ముంబై వైపు 1947 నాటి చట్టం ఒకటి, మన విదర్భ వైపు సెంట్రల్ ప్రావిన్సెస్ కాలం నాటి ఆర్డరు ఒకటి, నిజాం ఇలాకాలో ఉన్న ప్రాంతాలకు 1954 నాటి హైదరాబాద్ చట్టం ఒకటి ఉండేవట. ఆ మూడింటినీ తీసేసి 1999లో ఒకే కిరాయి నియంత్రణ చట్టం చేశారు, 2000 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 14వ సెక్షన్ ప్రకారం, వేరేగా ఒప్పందం రాసుకోకపోతే, ఇంటిని మనుషులు ఉండేట్టుగా బాగుచేసి ఉంచాల్సిన బాధ్యత ఓనరుదే. నోటీసు ఇచ్చి కనీసం పదిహేను రోజులు ఆగినా పని చేయించకపోతే, కిరాయిదారు తనే చేయించుకుని ఆ ఖర్చు కిరాయిలో పట్టుకోవచ్చు. ఏడాదికి ఆ ఏడాది కిరాయిలో నాలుగో వంతు దాటకూడదు. మా కిరాయి 4,800. ఏడాదికి 57,600. అంటే 14,400 దాకా. బిల్లులు, లెక్కలు జాగ్రత్తగా పెట్టుకుంటే, ఎంత ఖర్చయిందన్నదానికి అవే సాక్ష్యం. ఈ చట్టం దాని షెడ్యూళ్లలో రాసిన ఊళ్లకు వర్తిస్తుంది. వర్తించని పల్లెల్లోనూ, మరమ్మతు ఓనరు చేయాల్సిందైతే, చెప్పినా చేయకపోతే, కిరాయిదారు చేయించుకుని కిరాయిలో పట్టుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఉంది. నీళ్లు, కరెంటు, మెట్ల మీద లైటు, మరుగుదొడ్డి సౌకర్యం లాంటివి సరైన కారణం లేకుండా ఆపడానికి వీల్లేదని కిరాయి చట్టం 29వ సెక్షన్ చెబుతుంది.

ఇంకో సంగతి మీకోసమే చెబుతున్నాను. పదకొండు నెలల కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని మన ఊళ్లో అందరూ అంటారు. మహారాష్ట్రలో అది నిజం కాదు. లీవ్ అండ్ లైసెన్స్ (కిరాయి హక్కు ఇవ్వకుండా, ఉండడానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం) అయినా, మామూలు కిరాయి అయినా, రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి. కిరాయి చట్టం 55వ సెక్షన్ అదే చెబుతుంది. చేయించాల్సిన బాధ్యత ఓనరుది. చేయించకపోతే మూడు నెలల దాకా జైలో, ఐదు వేల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. అంతకంటే ముఖ్యం, రిజిస్టర్ అయిన కాగితం లేనప్పుడు షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది, అది తప్పని మీరు రుజువు చేస్తే తప్ప. కిరాయిదారు మోసం చేస్తాడని భయపడేవాళ్లే ముందు ఈ కాగితం చేయించుకోవాలి కదా. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చేసుకునే వీలు కూడా ఉంది. లీవ్ అండ్ లైసెన్స్ కింద ఉన్నవాళ్లకు కిరాయిదారుకు ఉన్న హక్కులన్నీ ఉండవు, కాబట్టి మరమ్మతు ఎవరిది, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుదాకా అన్నది ఆ కాగితంలోనే రాసుకోవడం ఇద్దరికీ మంచిది.

ఉత్తరం అందిన తొమ్మిదో రోజు ఆయన ఫోన్ చేశారు. మొదటి మాటే, "లాయర్ను పెట్టుకున్నవా?" అని. "లేదు బాబాయి, నేనే రాశాను" అన్నాను. నమ్మలేదు. ఇన్నేళ్లలో తనకు ఎవరూ ఇట్లా కాగితం పంపలేదని, పరువు తీశానని అన్నారు. "ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యి" అన్నారు. నా గొంతు వణికింది, అయినా ఒక్కటే అడిగాను: "బాబాయి, మీ మనుమరాలు ఆ గోడ పక్కన నిలబడి పళ్లు తోముకుంటే మీరు ఎన్ని రోజులు ఆగేవాళ్లు?" అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత "ఫోటోలు మళ్లీ పంపు" అన్నారు. రెండు రోజులకు ఆయన మేనల్లుడు వచ్చాడు, ఎర్తింగ్ కొత్తగా వేయించాడు, వంటింటి వైరింగ్ మార్పించాడు, డాబా మీద తాడిపత్రి (టార్పాలిన్) కప్పించాడు. ఆర్‌సీసీబీ డబ్బులు కిరాయిలో పట్టుకోమన్నారు. అందుకు నేను ఆయనకు ఈ లేఖలో కూడా దండం పెడుతున్నాను.

కానీ డాబా పని ఇంకా కాలేదు. వానలు వెళ్లాక అన్నారు, దీపావళి తర్వాత అన్నారు, సంక్రాంతికి మనుమడి పంచెలు అన్నారు. మళ్లీ ఎండాకాలం వచ్చేసింది. పోయిన ఏటి తాడిపత్రి ఎండకు చిరిగి పేలికలైంది. మిరుగానికి ఇంక ఆరు వారాలే ఉంది. మా ఒక్క ఇల్లే అయితే నేను మళ్లీ ఆయనకే రాసుకునేదాన్ని. మా గల్లీలోనే ఇట్లాంటి ఇళ్లు ఐదున్నాయి. ఒకామె రాత్రిపూట మంచం మీద గిన్నె పెట్టుకుని కాళ్లు ముడుచుకుని పడుకుంటుంది. ఒకతనికి ఆయాసం, బూజు పట్టిన గదిలోనే పడక. అడగండి అంటే, ఖాళీ చేయమంటారేమో, బడి మధ్యలో పిల్లలతో ఎక్కడికి పోతాం అంటారు. ఆ భయం వల్లనే మీ ఇళ్ల సంగతి మీకు తెలియడం లేదు. కిరాయిదారు నోరు మూసుకుంటే ఇల్లు బాగున్నట్టు కాదు. మీ స్లాబులో చువ్వలు తుప్పుపట్టడం ఆగదు, ఈరోజు వేలల్లో అయ్యే పని రెండేళ్లకు లక్షల్లోకి పోతుంది. ఆ నష్టం మాది కాదు, మీది.

మేం రెండో ఇంట్లో ఉన్నప్పుడు ఓనరు ఒక ముసలవ్వ. కింద ఆమె, పైన మేం. చదువు లేదు, చట్టం తెలియదు. రోహిణి కార్తె రాగానే చీపురు, ఒక పాత ఇనుప గరిటె పట్టుకుని మోకాళ్లు నొక్కుకుంటూ డాబా ఎక్కేది. పైపు నోట్లో గరిటె పెట్టి ఆ నల్లముద్దంతా తోడేది. తర్వాత నా చేత రెండు బిందెల నీళ్లు పోయించి, కింద నిలబడి, నీళ్లు ధారగా వస్తున్నాయా ఆగి ఆగి వస్తున్నాయా అని చూసేది. ధారగా వస్తేనే కిందికి రమ్మనేది. ఆ ఇంట్లో మేం నాలుగేళ్లున్నాం. ఒక్క బొట్టు కారలేదు. ఆమె పోయాక కొడుకులు ఇల్లు అమ్మేశారు, లేకపోతే మేం ఇప్పటికీ అక్కడే ఉండేవాళ్లం.

మీలో ప్రతి ఒక్కరూ డాబా ఎక్కాలని నేను అనడం లేదు. దూరాన ఉన్నవాళ్లు ఊళ్లో ఒక మనిషిని పెట్టండి. మేనల్లుడో, తెలిసిన మేస్త్రీయో, ఎవరైనా సరే. కానీ ఆ మనిషికి కిరాయి వసూలు ఒక్కటే అప్పజెప్పకండి, రెండు మూడు వేల దాకా మిమ్మల్ని అడక్కుండా ఖర్చుపెట్టే అధికారం కూడా ఇవ్వండి. ట్యాప్ కారినప్పుడు, మోటారు ఆగినప్పుడు మేం మీ నిద్ర చెడగొట్టే పని ఉండదు. వాన మొదలుకాకముందే ఒకసారి పైపులు తీయించండి. స్లాబు పగిలి ఉంటే పైన రంగు పూయించి సరిపెట్టకండి, పాత పొర తీసి బ్రిక్‌బ్యాట్ కోబానో (ఇటుక ముక్కలు, సిమెంటుతో వేసే పొర), మంచి వాటర్‌ప్రూఫింగో చేయించండి, నీళ్లు పైపు వైపు పోయేలా వాలు పెట్టించండి. కరెంటు మీటరు దగ్గర ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి, ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. చిన్న పిల్లలున్న ఇల్లయితే దీన్ని అన్నిటికంటే ముందు చేయించండి.

డబ్బు ఇప్పుడు లేకపోతే లేదని చెప్పండి. మాకూ సంసారాలున్నాయి, మాకూ కష్టాలు తెలుసు. "ఈ నెల కుదరదమ్మా, వచ్చే నెల పదో తేదీ తర్వాత చేయిస్తా" అని ఒక్క మాట పంపితే మేం గిన్నెలు పెట్టుకునైనా ఆ తేదీ దాకా ఆగుతాం. లేదా మీరే చేయించుకోండి, కిరాయిలో పట్టుకోండి, బిల్లు పంపండి అనండి, అదీ మంచిదే. జవాబే రాకపోతే ఏం చేయాలో మాకు తోచదు. ఇల్లు వెతుక్కోవాలా, ఆగాలా, పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టాలా వద్దా అని రాత్రంతా అదే టెన్షన్. అడిగినందుకు ఖాళీ చేయమనడం మాత్రం దయచేసి మానండి. మీ ఇల్లు పాడైపోతోందని మీకు చెబుతున్నవాళ్లం మేం.

సమాజం పెద్దలకు కూడా ఒక విన్నపం. కిరాయి తగాదా మీ దగ్గరికి వస్తే సర్దుకుపొమ్మని పంపేయకండి. ఇద్దరినీ ఆ ఇంటికి తీసుకెళ్లి, ఆ గోడ ముందు నిలబెట్టి మాట్లాడించండి. ఓనరు దూరాన ఉంటే వీడియో కాల్‌లో చూపించండి. ఈ మే నెల మీటింగులో ఈ లేఖ చదవడానికి నాకు పది నిమిషాలు ఇవ్వమని అడిగాను, ఇంకా ఏమీ చెప్పలేదు.

వంటింటి గోడకు సున్నం వేయించినప్పుడు ఆ చాక్ గీత పోయింది. మిగతాదంతా పైన అట్లాగే ఉంది. డాబా మెట్ల తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆదివారం పొద్దున తొమ్మిది లోపు వస్తే ఎండ ముదరకముందే చూడొచ్చు. బాబాయి, మీరు ముందు రండి. మేస్త్రీకి నేను చెప్పి ఉంచుతాను.

మీ ఇళ్లల్లో ఉంటున్న
ఒక కిరాయిదారు
బల్లార్షా